భయపడేవాళ్లకే వస్తుందట!

టీవీలో కరోనా కొత్త వేరియంట్ అని స్క్రోలింగ్ మొదలైతే చాలు, ఆ వాట్సాప్ మెసేజ్ మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. 2020లో చూశాం, 2021 మేలో చూశాం, మొన్నీమధ్య మా ఊరి గ్రూపులోకి కూడా వచ్చింది. అందులో ఉన్నదేమిటంటే: కరోనా ఎవరినీ చంపలేదు, భయమే చంపింది. భయపడితే ఇమ్యూనిటీ తగ్గుతుంది, అందుకే భయపడేవాళ్లకే రోగం వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జనం గుండె ధైర్యం ఉన్నవాళ్లు కాబట్టే మనకి ఆఖర్న వచ్చింది. వార్తలు చూడకండి, టెస్టులకి వెళ్లకండి, ఆయాసం వచ్చినా అది టెన్షనే. మనోవ్యాధికి మందు లేదు, ధైర్యమే మందు. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ, "పదిమందికి పంపండి" అని ఒక విన్నపం.

రాసినవాళ్ల ఉద్దేశం చెడ్డదని నేననను. భయం నిజంగానే మనుషుల్ని పీల్చి పిప్పి చేసింది. మహమ్మారి మొదటి ఏడాదిలో ప్రపంచమంతటా ఆందోళన, డిప్రెషన్ సమస్యలు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. భయం సంగతి చూసుకోవాలన్నంత వరకు నాకూ పేచీ లేదు. పేచీ అంతా మిగతా దాంతోనే.

ముందు మన జిల్లాల గొప్ప తేల్చేద్దాం. రాష్ట్రంలో ఆఖర్న కేసులు వచ్చింది ఇక్కడే, నిజమే. శ్రీకాకుళంలో 2020 ఏప్రిల్ చివర పాతపట్నం వైపు మొదటి కేసులు బయటపడ్డాయి, విజయనగరంలో మే నెలలో. కానీ వైరస్ మనిషిని పట్టుకుని తిరిగేది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేనాటికే బస్సులు, రైళ్లు ఆగిపోయాయి. మన కూలీలు హైదరాబాద్, చెన్నైల్లో, మన మత్స్యకారులు గుజరాత్ వెరావల్‌లో చిక్కుపడిపోయారు. రాకపోకలు లేనన్నాళ్లు కేసులూ లేవు. ఇందులో మన గుండె చేసిన ఘనకార్యం ఏమీ లేదు.

అసలు ఆ ధైర్యం ఎంతపాటిదో 2020 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా పలాసలో చూశాం కదా. చనిపోయిన ఒక పెద్దాయనకి కరోనా ఉందని తెలిసి, ఆయన శవాన్ని జేసీబీ తొట్టెలో పెట్టి శ్మశానానికి తరలించారు. ఆ వీడియో దేశమంతా చూసింది. మున్సిపల్ కమిషనర్, శానిటరీ ఇన్‌స్పెక్టర్ సస్పెండ్ అయ్యారు. అందరికీ ఉన్నట్టే మనకీ భయం ఉంది. లేదని మీసం మెలేస్తే పోదు.

"భయపడితే ఇమ్యూనిటీ తగ్గుతుంది, అందుకే భయపడేవాళ్లకే వస్తుంది." మెసేజ్ మొత్తంలో కాస్త సరుకున్న మాట ఇదొక్కటే. బ్రిటన్‌లో జలుబుల మీద పరిశోధన చేసే కేంద్రంలో ఒక ప్రయోగం జరిగింది, 1991లో అచ్చయింది. 394 మంది ఆరోగ్యవంతుల మనసు మీద ఎంత ఒత్తిడి ఉందో ముందుగా కొలిచారు. తర్వాత ముక్కులో వైరస్ చుక్కలు వేశారు. వాడిన అయిదు రకాల వైరస్‌లలో మామూలు జలుబు తెచ్చే కరోనా రకం కూడా ఒకటి. ఒత్తిడి ఎక్కువున్నవాళ్లలో సుమారు 90 శాతం మందికి వైరస్ అంటుకుంది. మెసేజ్ రాసినాయన ఇక్కడి దాకా చదివితే ఎగిరి గంతేస్తాడు. కానీ అందరికంటే నిశ్చింతగా ఉన్నవాళ్లలో ఎంతమందికి అంటుకుందో తెలుసా? సుమారు 74 శాతం మందికి. జలుబు లక్షణాలు పైకి కనిపించింది నిశ్చింతగా ఉన్నవాళ్లలో 27 శాతం మందికి, ఒత్తిడి ఎక్కువున్నవాళ్లలో 47 శాతం మందికి. ఒత్తిడి వల్ల తేడా ఉంది, కాదనను. అయితే ముక్కులోకి వైరస్ వెళ్లాక నీ నిబ్బరం చూసి అది వెనక్కి తిరిగిపోదు. పైగా ఈ మాట పట్టుకుని జబ్బుపడ్డవాణ్ణి "నువ్వు భయపడ్డావు, అందుకే తెచ్చుకున్నావు" అంటున్నాం. రోగం ఒకటి చాలదన్నట్టు నింద కూడా వాడి నెత్తినే.

ఇక "చంపింది భయమే" అన్నది. ఇచ్ఛాపురం దగ్గర మా పెద్దమ్మ సంగతి చెప్తాను. 2021 మేలో అరుగు మీద జీడిపిక్కలు ఎండబోసుకుంటోంది. రెండు రోజులుగా కాస్త జ్వరం, అంతే. వీధిలో రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సీమీటర్ ఒకే ఒక్కటి ఇంటింటికీ తిరుగుతుంటే, కోడలు దాన్ని తెచ్చి ఆవిడ వేలికి తగిలించింది. 94కి తగ్గకూడనిది 86 చూపించింది. వేలు తుడిచి, రెండో చేతికి పెట్టినా అంతే. "నాకేటీ నేదమ్మా, నువ్వే గాబరా పడతన్నావు" అని నవ్విందట. భయం లేదు, ఆయాసం కూడా లేదు. అయినా ఊపిరితిత్తులు లోపల చెడుతూనే ఉన్నాయి. కరోనాలో డాక్టర్లను బెంబేలెత్తించింది ఇదే: ఆక్సిజన్ బాగా పడిపోయినా మనిషి మామూలుగా కబుర్లు చెబుతూ ఉండేవాడు. ఆవిడ బతికిందంటే కోడలు గాబరా పడి 108కి ఫోన్ చేయబట్టే.

దీనికి తిరగేసిన బొమ్మ కూడా ఉంది, అదీ చెప్పాలి. ఒంట్లో ఏ రోగం లేకుండానే అర్ధరాత్రి గుండె దడదడా కొట్టుకోవడం, ఛాతీ పట్టేసినట్టు, ప్రాణం పోతున్నట్టు అనిపించడం. దీన్ని పానిక్ అటాక్ అంటారు. గబగబా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కేదీ, తల తిరిగేదీ అందుకే. సాధారణంగా పది నిమిషాల్లో పరాకాష్ఠకు వెళ్లి, మెల్లగా దిగిపోతుంది. ఆక్సీమీటర్ పెడితే 97, 98 ఉంటుంది. నెమ్మదిగా, పీల్చిన దానికంటే ఎక్కువసేపు ఊపిరి వదులుతుంటే సర్దుకుంటుంది. ఏది టెన్షనో, ఏది జబ్బో ఫోన్లో మెసేజ్ చూసి తేల్చలేం. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, ఆరు నిమిషాలు నడిచాక అంకె పడిపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఛాతీలో నొప్పి తగ్గకుండా ఉన్నా, మొదటిసారి అలా వచ్చినా అంతే. వేలు చల్లబడి ఉన్నా, గోళ్లకి రంగున్నా మీటర్ తప్పు చూపిస్తుంది, అది చూసుకుని మళ్లీ పెట్టండి.

"టెస్టులకి వెళ్లకండి" అన్నది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఎంత ప్రమాదమో ఆ రాసినాయనకి తెలిసినట్టు లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. వారంలో రెండు మూడు సార్లు డయాలసిస్‌కి వెళ్లక తప్పని మనిషి, నలుగురితో పాటు అదే గదిలో గంటల తరబడి పడుకోవాలి. అలాంటివాడు ధైర్యం చూపిస్తూ జ్వరం దాచుకుంటే పక్క మంచం మీదున్నవాడికి కూడా ముప్పే. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు షెల్టర్‌కి నడిచినవాణ్ణి పిరికివాడని మనం ఎప్పుడైనా అన్నామా?

వార్తల విషయంలో సగం ఒప్పుకుంటాను. రోజంతా చావుల లెక్కలు చూస్తూ కూర్చుంటే ఎవరికైనా మతి పోతుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నమ్మకమైన చోట చూసి కట్టేయడం మంచిది. పూర్తిగా మానేయమంటే మాత్రం కుదరదు. వెరావల్ నుంచి బస్సులు ఎప్పుడు బయల్దేరతాయో అని ఎదురుచూసిన ఇళ్లలో ఆ కబురే మందు.

చివరి మాట, "మనోవ్యాధికి మందు లేదు." సామెత పాతది, వైద్యం మారింది. భయాన్ని పెంచే ఆలోచనల్ని గుర్తుపట్టి దారి మళ్లించే కౌన్సెలింగ్ ఉంది, మాత్రలూ ఉన్నాయి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, పనికి వెళ్లలేకపోవడం రెండు వారాలు దాటితే ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్లండి. వెళ్లడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. డబ్బులు కట్టక్కర్లేదు, అర్ధరాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ధైర్యం చెప్పేసి వెళ్లిపోకండి, పక్కన కూర్చుని మీరే ఆ నంబర్ కలపండి. డాక్టర్ మాత్రలు రాస్తే ఒకటి గుర్తుంచుకోండి: ఆందోళనకి, డిప్రెషన్‌కి ఎక్కువగా ఇచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని గుణం లేదని మానేసేవాళ్లే మన దగ్గర ఎక్కువ.