ఇంగ్లీషు జాతీయాల పట్టికకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ పట్టిక గారికి,

వ్యాకరణ పుస్తకాల చివరి పుటల్లో ఎడమవైపు జాతీయాన్నీ కుడివైపు ముక్తసరిగా దాని అర్థాన్నీ నిలబెట్టి, ఇంగ్లీషు నేర్చుకునేవారికి తరతరాలుగా తమరు చేస్తున్న సేవను కొనియాడడానికే ఈ లేఖ రాస్తున్నాను.

‘కిక్ ద బకెట్’ ఎదురుగా ‘మరణించు’ అని రాసి తమరు చేతులు దులుపుకున్నారు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ ఈ మాటను తన నిఘంటువుకెక్కించినప్పుడు, అది మోటు మాటల నిఘంటువని దాని పేరులోనే చెప్పుకున్నాడు. తమరికి ఆపాటి మొహమాటమైనా లేదు. తమరిని నమ్మిన విద్యార్థి ఎవరికైనా పితృవియోగం కలిగినప్పుడు పంపే సంతాప సందేశంలో ఆ బకెట్‌ను తన్నిస్తే, వ్యాకరణం ప్రకారం వాక్యంలో దోషమేమీ ఉండదు. ఆ స్నేహం మాత్రం మిగలదు.

పోనీ, అర్థం ఒకటే కదా అని ఆ మాటను ‘డై’ అనే క్రియ స్థానంలో యథేచ్ఛగా వాడుకుందామంటే అదీ కుదరదు. ఒక రోగి కొన్ని వారాలుగా మరణానికి చేరువవుతున్నాడని చెప్పడానికి ‘డైయింగ్’ అనవచ్చు గాని, ‘కికింగ్ ద బకెట్’ అంటే అతడు వారాల తరబడి నిజంగానే బకెట్‌ను తంతున్నట్టు వినిపిస్తుంది. కర్మణి ప్రయోగంలోనూ అంతే, బకెట్ ఉత్త బకెట్‌గానే మిగులుతుంది. ‘స్పిల్ ద బీన్స్’ మాత్రం కర్మణి ప్రయోగంలో పెట్టినా చెక్కుచెదరదు, ఎందుకంటే అందులో గింజలు రహస్యానికీ, ఒలకబోయడం వెల్లడించడానికీ సరిపోతాయి. బకెట్‌కు అలా సరిపోయేది మరణంలో ఏదీ లేదు. నన్‌బర్గ్, సాగ్, వాసో అనే భాషాశాస్త్రవేత్తలు 1994లోనే ఈ తేడాను విపులంగా చర్చించారు. తమరి రెండు గడుల మధ్య దానికి చోటు దొరకలేదు కాబోలు.

ఇక, కుండపోతగా వాన కురుస్తోందని చెప్పడానికి తమరు అగ్రతాంబూలం ఇచ్చే ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ సంగతి. 1738లో వ్యంగ్య రచయిత జొనాథన్ స్విఫ్ట్ పెద్దమనుషుల అరిగిపోయిన సంభాషణలను ఎగతాళి చేస్తూ ఒక పుస్తకం ప్రచురించి, అందులో ఈ మాటను ఒక పాత్ర చేత పలికించాడు. ఆనాడే పరిహాసానికి పనికివచ్చిన దానిని తమరు ఈనాటికీ తాజా సరుకుగా అందిస్తున్నారు. పైగా, వానకు పూరికప్పుల మీది నుంచి ఆ జంతువులు జారిపడేవంటూ ఆధారం లేని కథనొకదాన్ని దానికి తోడు పంపిస్తుంటారు. (కట్టుకథలు మాత్రం అర్థం కంటే బాగా గుర్తుంటాయని ఒప్పుకోక తప్పదు.)

‘బ్రేక్ ఎ లెగ్’కు ‘శుభం కలుగుగాక’ అని రాసి, అది రంగస్థలం ఎక్కబోయే నటులకు చెప్పే మాటని దాచిపెట్టారు. ఎముకల శస్త్రచికిత్సకు వెళ్తున్నవారు తమరి పాఠకుల బారిన పడకుండుగాక.

కాబట్టి మూడో గడి ఒకటి గీసి, ఏ మాట ఎవరు ఎవరితో అనవచ్చో రాయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. చోటు చాలకపోతే ముందుగా ఆ పిల్లులనూ కుక్కలనూ తొలగించండి. 1738 నుంచీ వాటికి విశ్రాంతి లేదు.

ఇట్లు,
తమరి పాఠకులలో ఒకరు