బ్యాంకు ముందు వెలసిన ర్యాంపు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ర్యాంపు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు కూడా క్షేమంగానే ఉంటారు, ఎందుకంటే మీ మీదికి ఎవరూ ఎక్కరు. ఎక్కితే కదా అరిగేది! మీ నల్ల గ్రానైటు మెరుపు ఏమాత్రం తగ్గలేదు. అందులో నా ముఖం చాలాసేపు చూసుకున్నాను. వేరే పని లేకపోయింది మరి.

గుర్తుపట్టారా? మొన్న మంగళవారం మధ్యాహ్నం మీ నెత్తిన చక్రాల కుర్చీలో కూర్చుని, మేనేజర్ గారి భోజనం ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూసిన మనిషిని. కేవైసీ కోసం వచ్చాను. నా మొదటి జీతం పడిన ఖాతా అది. అయినా నేను నేనేనని రుజువు చేసుకోవడానికి స్వయంగా రావాలని సందేశం పంపారు. 70 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు ఇలాంటి పనులు ఇంటి దగ్గరే చేసిపెట్టాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులోనే చెప్పింది కదా అని ఫోనులో అడిగాను. "తప్పకుండా చేస్తాం మేడమ్, దానికి మీరు ఒకసారి శాఖకు వచ్చి దరఖాస్తు ఇవ్వాలి" అన్నారు. ఇక బయలుదేరక తప్పలేదు.

మీ జన్మవృత్తాంతం నాకు తెలుసు. ముందు అయిదు మెట్లు పుట్టాయి. నేల నుంచి గడప దాకా రెండున్నర అడుగుల ఎత్తు. ఆ తర్వాత ఎవరో తనిఖీకి వస్తున్నారని కబురు అందితే, ఒక సెలవు రోజున ఆ మెట్ల పక్కన ఇంత సిమెంటు పోసి, పైన గ్రానైటు అతికించి, మీకు ర్యాంపు అని నామకరణం చేశారు. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది నిబంధన. 1:12 అంటారు దాన్ని. ఆ లెక్కన మీరు ముప్పై అడుగులు ఉండాలి. రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలు ఉండాలి. పైన, కింద కుర్చీ తిప్పుకునేంత చదునైన జాగా ఉండాలి. నేల జారకూడదు. మీరు ఉన్నది ఆరడుగులు. మిగతా ఇరవై నాలుగు అడుగుల్లో జనరేటరు, మేనేజర్ గారి కారు, ఒక తులసికోట హాయిగా కాపురం ఉంటున్నాయి. (తులసికోట చుట్టూ ప్రదక్షిణకు జాగా వదిలారు. కొలతలు తెలియక కాదన్నమాట.)

సరైన వాలు అయిదు డిగ్రీలు కూడా ఉండదు. అది కంటికి ఆనదు, చూసినవాళ్లకు ఇంత చోటు వృథా ఎందుకని అనిపిస్తుంది. మీరు మాత్రం వీధి మలుపు నుంచే కనిపిస్తారు. మీ మీద నీలిరంగు బోర్డు ఒకటి, అందులో చక్రాల కుర్చీలో ఒక తెల్లబొమ్మ. ఆ బొమ్మ కూడా గోడ మీదే ఉండిపోయింది. మీ మీదికి రమ్మంటే రాదు.

మీ పాదాల దగ్గర నిలిపిన మోటారు సైకిళ్లను, క్రోటను కుండీలను గార్డు గారే జరిపారు. ఆయన మాజీ సైనికుడు, మర్యాదస్తుడు. నన్ను నెట్టాలంటే ఆయనకు రెండు చేతులూ కావాలి. ఒక చేతిలో తుపాకి ఉంది. దాన్ని గోడకు ఆనించి పోకూడదట. కాసేపు ఆలోచించి, "ఏమీ అనుకోకండమ్మా" అంటూ ఆ రెండు గొట్టాల తుపాకిని నా ఒళ్లో పెట్టి నెట్టడం మొదలుపెట్టారు. పట్టపగలు ఒళ్లో తుపాకితో బ్యాంకు మీదికి వస్తున్న మనిషిని చూసి లోపల ఒక్కరంటే ఒక్కరు చేతులు పైకెత్తలేదు. అద్దంలోంచి తొంగిచూసి "అయ్యో పాపం" అన్నారు. బందిపోటుగా కూడా నాకు పరువు దక్కనివ్వలేదు మీరు.

సగం దూరం వెళ్లేసరికి ముందువైపు చిన్న చక్రాలు గాలిలోకి లేచాయి. ఫినాయిలు వేసి తుడిచిన తడి ఇంకా ఆరలేదేమో, గార్డు గారి బూట్లు జారాయి. ఆకాశం కనిపించింది, తర్వాత గార్డు గారి ముఖం తలకిందులుగా కనిపించింది. "ఇందులో తూటాలు ఉన్నాయా?" అని అడిగాను. "లేవమ్మా" అన్నారు రొప్పుతూ. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వినందుకు ఇంకో అడుగు కిందికి జారాం. అప్పుడు ఎవరో ఇద్దరు కుర్రవాళ్లు వచ్చి, నన్ను ఒక్క మాట అడగకుండా, కుర్చీతో సహా ఉత్సవ విగ్రహంలా ఎత్తి మీ శిఖరానికి చేర్చారు. నైవేద్యం మాత్రం లోపల మేనేజర్ గారు ఆరగిస్తున్నారు.

శిఖరాన ఏముందో మీకు తెలుసు. మడత గేటు, దానికి అడ్డంగా గొలుసు. మనిషి పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని దూరేంత సందు. దొంగలు గభాలున పారిపోకుండా ఆ ఏర్పాటట. నా కుర్చీ వెడల్పు రెండడుగుల పైచిలుకు. పొట్ట పీల్చుకోవడం దానికి రాదు. గొలుసు తాళంచెవి మేనేజర్ గారి సొరుగులో ఉంది, సొరుగు తాళంచెవి ఆయన జేబులో ఉంది, ఆయన భోజనంలో ఉన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడు ఇచ్చిందే ఆరడుగుల వరం, దాని కొసన పూజారి గొలుసు కట్టాడు.

"ఈ గొలుసు ఎప్పుడూ తీయరా?" అని అడిగాను. "ఎందుకు తీయమమ్మా, పొద్దున డబ్బు పెట్టె వచ్చినప్పుడు తీశాం కదా" అన్నారు గార్డు గారు, ఎంతో అమాయకంగా.

అక్కడే నా మర్యాద సగం సడలింది, ర్యాంపు గారూ. పెట్టె వస్తే తెరుచుకునే గేటు మనిషి వస్తే తెరుచుకోదు. అసలు మిమ్మల్ని కట్టినవాళ్లు మీ మీదుగా ఒక మనిషి పైకి వస్తుందని, వచ్చాక లోపలికి వెళ్లాలనుకుంటుందని ఒక్క క్షణమైనా అనుకున్నారా? లేక నేను మీ అంచు దాకా వచ్చి, గొలుసుకు దండం పెట్టుకుని తిరిగి వెళ్లిపోతానని అనుకున్నారా? చదునైన జాగా లేదు కాబట్టి నా ముందు చక్రాలు గడప మీద, వెనక చక్రాలు మీ వాలు మీద. బ్రేకులు వేసినా నమ్మకం లేక గార్డు గారు వెనక పట్టుకుని నిలబడ్డారు. తుపాకి నా ఒళ్లోనే ఉండిపోయింది. అంటే భోజన విరామం పూర్తయ్యేదాకా ఆ బ్యాంకుకు కాపలా కాసింది నేనే. జీతం అడగలేదు.

ఆ సందులోంచి పక్కకు తిరిగి వచ్చేపోయేవాళ్లందరూ నాకు ఏదో ఒకటి ఇచ్చి వెళ్లారు. ఒకాయన మోకాళ్లకు నువ్వుల నూనె చెప్పారు. ఒక పెద్దావిడ తుపాకి పక్కనే పది రూపాయల నోటు పెట్టి, "టీ తాగమ్మా" అంది. తుపాకి పట్టుకున్నా భిక్షం తప్పలేదు. ఆ పది రూపాయలను నా ఖాతాలో వేయమని లోపలికి పంపితే, కేవైసీ పూర్తికాక ఖాతా స్తంభించిపోయిందని నోటు వెనక్కి వచ్చింది.

ఇంకొకాయన, చదువుకున్న మనిషే, వంగి నా భుజం తట్టి, "మనసు సానుకూలంగా ఉంచుకోండి, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు. ఆస్ట్రేలియాలో స్టెల్లా యంగ్ అని ఒక హాస్యకారిణి ఉండేవారు. చక్రాల కుర్చీలోనే ఉండి అందరినీ నవ్వించేవారు. మెట్లను చూసి ఎంత నవ్వినా అవి ర్యాంపుగా మారలేదని 2014లో ఒక వేదిక మీద అన్నారు. పాపం, మా ఊరి బ్యాంకు చూడకుండానే ఆ ఏడాది పోయారు. చూసి ఉంటే తెలిసేది, మెట్లు మారవని కాదు, మారితే మీరవుతారని.

నవ్వు సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడే పోలియో వచ్చింది. కాళ్లకు ఇనుప కడ్డీలు కట్టుకుని బడికి వెళ్లేటప్పుడు ఆ టకటక చప్పుడు విని పిల్లలు నవ్వేవారు. అందుకని వాళ్లకంటే ముందు గుమ్మం దగ్గరే నేను "రైలు వస్తోంది, పక్కకు తప్పుకోండి" అని అరిచేదాన్ని. తప్పుకునేవారు కూడా. ఆ నవ్వుతోనే చదువు, ఉద్యోగం, పెళ్లి, అత్తగారితో తగవులు, ఏ లోటూ లేకుండా నడిచాయి. ఇప్పటికీ ఉదయం కుర్చీలోకి మారేటప్పుడు మా ఆయనకు ఏదో ఒక చురక అంటించనిదే నాకు తెల్లవారదు. కానీ ఆ నవ్వు నా సొంత ఖర్చు. దాన్ని మీ సిమెంటు లోటు కింద జమ వేసుకుంటామంటే కుదరదు. నేను ధైర్యంగా ఉన్నాను కదా అని వాలు నిట్టనిలువుగా వేస్తారా? నేను నవ్వుతున్నాను కదా అని గొలుసు కడతారా? నేను ఏడిస్తే ముప్పై అడుగులు పోసేవాళ్లా? చెప్పండి, ఏడవడం కూడా వచ్చు నాకు.

మీ వంశం చిన్నదేమీ కాదు. 2001 జనవరిలో చక్రాల కుర్చీలో ఉండే శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చి కుతుబ్ మీనార్ వంటివి చూస్తానంటే, వికలాంగుల హక్కుల ఉద్యమకారుడు జావేద్ అబిదీ వంటివారు గట్టిగా పోట్లాడాక అక్కడ హడావుడిగా చెక్క ర్యాంపులు వేశారు. విశ్వం పుట్టుక లెక్కలు కట్టిన మనిషి స్వయంగా గుమ్మం ముందుకు వస్తే గానీ నాలుగు చెక్కలు దొరకలేదు. 2015 డిసెంబరు 3న, వికలాంగులకు అన్నిచోట్లా దారి సుగమం చేస్తామంటూ ప్రభుత్వం వారు సుగమ్య భారత్ అన్నారు. 2016లో వికలాంగుల హక్కుల కొత్త చట్టం వచ్చింది. 2017 జూన్‌లో నియమాలు రాసి, ఉన్న ప్రజా భవనాలన్నింటినీ అయిదేళ్లలో సరిచేయాలన్నారు. 2022 జూన్ వచ్చింది, పోయింది, మీరు ఒక్క అంగుళం పెరగలేదు. చూపు లేని ఒక పౌరుడు, రాజీవ్ రాతూరి, 2005లో వేసిన వ్యాజ్యం మీద 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఇచ్చిన నివేదికను ముందు పెట్టుకుని, చట్టంలో "తప్పనిసరి" అన్నదాన్ని నియమాల్లో "చేస్తే మంచిది" స్థాయికి దించారని తేల్చి, మూడు నెలల్లో గట్టి నియమాలు రాయమంది. మీరు ఆ "చేస్తే మంచిది" కాలపు సంతానం. అందుకే మీకింత ధీమా.

చివరికి మేనేజర్ గారు వచ్చారు, తేన్పుతూ. "అద్దె భవనం మేడమ్, స్థలం లేదు, పైనుంచి అనుమతి రావాలి" అన్నారు. కుంటిసాకులు చెప్పే హక్కు ఈ ఆవరణలో నా ఒక్కదానికే ఉందని మర్యాదగా గుర్తుచేశాను. నవ్వాలో వద్దో తెలియక ఆయన టై సర్దుకున్నారు. వీడియోలో కేవైసీ చేసుకోవచ్చు కదా అని సలహా కూడా ఇచ్చారు. అక్కడ కెమెరా ముందు కనురెప్పలు ఆర్పితేనే మనిషి బతికున్నట్టు లెక్క వేసేవారు. అది చేయలేని ఆసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు కోర్టు మెట్లెక్కితే, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన నిలబడాల్సి వచ్చింది. మీ చుట్టాలు ఫోనులో కూడా ఉన్నారండీ.

ఇంతకీ గొలుసు తీశారా? లేదు. తాళం తుప్పు పట్టి సరిగా తిరగడం లేదట, పొద్దున కూడా నానా తంటాలు పడ్డారట. ఫారాలు, వేలిముద్రల యంత్రం గేటు సందులోంచి బయటికి అందించారు. మీ నెత్తి మీదే సంతకాలు పెట్టాను, మీ నెత్తి మీదే నేను నేనేనని తేలింది. చిరునామా గడిలో మీ పేరు రాద్దామని చెయ్యి లాగింది. సుదీర్ఘకాలం నివాసం ఉన్నాను కదా!

అబద్ధమెందుకు, దిగేటప్పుడు మాత్రం బాగుంది. నన్ను వెనక్కి తిప్పి జాగ్రత్తగా దింపుతూ, చివరి రెండడుగులు ఉన్నాయనగా, నేను అడిగితేనే, గార్డు గారు పట్టు కొంచెం వదిలారు. ఝుమ్మని జారాను. ఇంత వయసొచ్చాక ఉద్యోగం ఇవ్వనిది, పింఛను ఇవ్వనిది మీరు ఇచ్చారు. కింద వాళ్ల అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఒక బుడతడు "తర్వాత నేను, తర్వాత నేను" అని గంతులు వేశాడు. జారుడుబల్లగా మీ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ర్యాంపుగా మాత్రం ఉంది. వికలాంగుల కమిషనర్ గారికి మీ కొలతలు, ఫోటోలు, గొలుసు పొడవుతో సహా అర్జీ పంపించాను. మనసులో పెట్టుకోకండి. మిమ్మల్ని కూల్చమనలేదు, సాగదీయమన్నాను, అంతే. తులసికోట జోలికి వెళ్లక్కర్లేదు, మేనేజర్ గారి కారు జరిపితే చాలు.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ ఏకైక ఆరోహకురాలు

తా.క.: ఇంటికి రాగానే బ్యాంకు నుంచి సందేశం వచ్చింది. "నేటి మా సేవ మీకు ఎలా అనిపించింది? 1 నుంచి 5 లోపు అంకె పంపండి" అని. నేను 1:12 అని పంపాను. చెల్లని సమాధానమట, మళ్లీ ప్రయత్నించమన్నారు.