తుపాకి కొనమనొచ్చు, వద్దనకూడదు

అమెరికాలోని జార్జియా రాష్ట్ర రాజధాని అట్లాంటా నడిబొడ్డునున్న పీడ్‌మాంట్ పార్కు ఆ నగరం సొత్తు.  కుక్కను గొలుసు లేకుండా వదిలితే జరిమానా వేసేది నగరపాలక సంస్థే. నడుముకు తుపాకి కట్టుకుని వచ్చిన మనిషిని మాత్రం బయట పెట్టి రమ్మనే అధికారం దానికి లేదు. 2022 సెప్టెంబరులో అక్కడ జరగాల్సిన 'మ్యూజిక్ మిడ్‌టౌన్' సంగీతోత్సవం నెలన్నర ముందు రద్దయింది. నిర్వాహకులు కారణం విడమరచి చెప్పలేదు గానీ, స్థానిక పత్రికలు వేలు చూపింది జార్జియా తుపాకుల చట్టంవైపే.

ఇది ఒక్క రోజులో వచ్చింది కాదు. అట్లాంటా 1999లో తుపాకుల కంపెనీలపై దావా వేస్తే, నగరాలకు ఆ హక్కే లేదంటూ రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. తమ పార్కుల్లో ఆయుధాలు కూడదని కొవెటా కౌంటీ (మన జిల్లా లాంటిది) పెట్టుకున్న నిబంధన రాష్ట్ర చట్టం ముందు నిలవదని 2007లో అప్పీళ్ల కోర్టు తేల్చింది. 2014లో వచ్చిన చట్టానికి 'తుపాకులు అంతటా' అనే ముద్దుపేరు ఊరికే రాలేదు. 2019లో అట్లాంటా బొటానికల్ గార్డెన్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: ప్రభుత్వ స్థలంలో ఆస్తిహక్కు బదిలీ అయ్యేంత గట్టి లీజు ఉంటే అది ప్రైవేటు ఆస్తి, తుపాకిని గేటు దగ్గరే ఆపొచ్చు. వాడుకునే హక్కు మాత్రమే ఉంటే కుదరదు. 50 ఏళ్ల లీజున్న గార్డెన్ చివరికి నెగ్గింది. రెండ్రోజుల పండుగకు మైదానం తీసుకున్నవాడి గతి ఏమిటో చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో గవర్నర్ కెంప్ సంతకంతో, అర్హత ఉన్నవారు తుపాకి వెంట పెట్టుకు తిరగడానికి లైసెన్సు అవసరం కూడా పోయింది.

రాష్ట్రం చెప్పే వాదనను కొట్టిపారేయలేం. జార్జియాలో 159 కౌంటీలున్నాయి. ఒక్కో ఊరు ఒక్కో రూలు పెడితే, కారులో పొలిమేర దాటిన పాపానికి మర్యాదస్తుడు నేరస్థుడవుతాడు. రాష్ట్రమంతటా ఒకే నియమం ఉండాలనడం సబబైన మాటే.

కానీ స్థానిక సంస్థలు తుపాకులపై సొంత రూళ్లు పెట్టకూడదనే ఆ చట్టాన్ని చివరిదాకా చదవండి. కుటుంబ పెద్దలు తుపాకి కలిగి ఉండాల్సిందేనని మునిసిపాలిటీలు, కౌంటీలు శాసించడానికి అడ్డులేదని అందులోనే రాసి ఉంది! అట్లాంటా శివారు పట్టణం కెనెసా 1982లో అలాంటి తీర్మానమే చేసింది. కెనెసా తన ఊరివాళ్లను తుపాకి పెట్టుకోమనొచ్చు. అట్లాంటా తన పార్కులో వద్దనకూడదు. ఇక ఏకరూపత ఎక్కడిది? ఒక వైపే తెరుచుకునే తలుపుకు ఆ పేరు పెట్టారంతే. ఆ చట్టం చేసిన కాపిటల్ భవనం ఉన్నదీ ఈ నగరంలోనే. దాని గుమ్మంలో మెటల్ డిటెక్టర్లున్నాయి. లోపలికి తుపాకి నిషేధం.

అమెరికా రాజ్యాంగమే అడ్డమనేవాళ్లకు ఒక మాట. హవాయి, కాలిఫోర్నియా పార్కుల్లో తుపాకులపై ఉన్న నిషేధాలు నిలిచే అవకాశమే ఎక్కువని 2024 సెప్టెంబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ప్రాథమిక దశలో అభిప్రాయపడింది. ఆ తీర్పు జార్జియాను కట్టడి చేయదు, నిజమే. అయినా అట్లాంటా చేతులు ఇప్పుడు కట్టేసింది ఆయుధాల హక్కునిచ్చే రాజ్యాంగ రెండో సవరణ కాదు, రాష్ట్ర చట్టం.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పజెప్పే మనకు ఇదంతా దూరపు గొడవగా తోచవచ్చు. అట్లాంటా చుట్టుపక్కల ఆల్ఫారెటా, జాన్స్ క్రీక్, కమ్మింగ్‌లలో కాపురముంటున్న వేలాది తెలుగువారికి కాదు. వనభోజనాలకని పార్కులో ఒక పూట షెల్టరు అద్దెకు తీసుకున్న సంఘం 'తుపాకులతో రావద్దు' అని బోర్డు పెట్టినా దానికి చట్టం అండ ఉండదు.

ప్రయాణంలో ఉన్నవాడి తుపాకిని రాష్ట్రమంతటా ఒకే నియమం కింద ఉంచుకోవచ్చు, దానికి మా అభ్యంతరం లేదు. స్థానిక సంస్థల సొంత పార్కులను మాత్రం ఆ చట్టం నుంచి మినహాయించాలి, కనీసం టికెట్టు పెట్టి కంచె కట్టి జరిపే ఉత్సవాల వరకైనా. జార్జియా శాసనసభ ఏటా జనవరిలో మొదలై 40 రోజులు పనిచేస్తుంది. కుటుంబ పెద్దల తుపాకుల కోసం ఒక మినహాయింపు రాసిపెట్టగలిగిన సభకు ఇంకొకటి రాయడానికి అంత వ్యవధి చాలు.