అటక మీద ఉపగ్రహం

మా వాటాకూ పక్క వాటాకూ మధ్య ఉన్నది ఒకే ఇటుక మందం గోడ. అందుచేత పరంధామయ్య గారి సంసారంలో సగం మాది కూడా. ఆయన రిటైరైన హెడ్ గుమాస్తా. ఆవిడ అన్నపూర్ణమ్మ గారు, ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పారు. నిన్న సంక్రాంతికి అటక దులుపుతుంటే ఇత్తడి గంగాళంలో నుంచి ఏదో కింద పడిన చప్పుడైంది. నేను టీవీ గొంతు తగ్గించాను.

అన్నపూర్ణ: ఏమండీ, ఇదేమిటి? చపాతీలు చుట్టే రేకును మూడు పొరలు చుట్టి ఉంది.

పరంధామయ్య: విప్పకు! ముందు కిటికీ వెయ్యి.

అన్నపూర్ణ: లోపల పాముందా ఏమిటి? అయ్యో, రెండు వేల నోట్లు! అయిదున్నాయి. రోజుకు 10,000 మించి ఇవ్వని రోజుల్లో బ్యాంకు ముందు నిలబడి తెచ్చారే, ఆ డబ్బు కాదూ? 2016 నవంబరులో పోయిందన్నది?

పరంధామయ్య: అదే కాబోలు.

అన్నపూర్ణ: కాబోలా? మా తమ్ముడు పట్టుకుపోయాడని అప్పటినుంచి వాడితో సరిగ్గా మాట్లాడలేదు మీరు!

పరంధామయ్య: ఆ సంగతి తర్వాత. ముందు రేకు చుట్టు. వాటిలో చిప్ ఉంది. భూమిలో 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం పసిగడుతుంది. అప్పట్లో టీవీలో కూడా చూపించారు.

అన్నపూర్ణ: అలాంటిదేమీ లేదని రిజర్వు బ్యాంకు అప్పుడే చెప్పింది.

పరంధామయ్య: చెప్పదా మరి? వల పన్నినవాడు వల ఎక్కడుందో దండోరా వేయిస్తాడా?

అన్నపూర్ణ: బాగుంది. ఉందంటే ఉన్నట్టు, లేదంటే ఇంకా గట్టిగా ఉన్నట్టు.

పరంధామయ్య: నోటు వెనక బొమ్మ చూడు. మంగళయాన్! ఊరికే వేస్తారా?

అన్నపూర్ణ: పాత పది రూపాయల నోటు మీద పులి, ఏనుగు, ఖడ్గమృగం ఉండేవి. జేబులో పెట్టుకుని తిరిగారు, ఏదీ కరవలేదే! ఇప్పటి పది మీద కోణార్క్ చక్రం ఉంది. దొర్లిపోతుందని తాడు కట్టారా?

పరంధామయ్య: వెటకారం వద్దు. అసలు జీపీఎస్ అంటే ఏమిటో తెలుసా నీకు?

ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. ఎనిమిదో తరగతి గది మొత్తం గోడ దాటి మా ఇంట్లోకి వచ్చింది.

అన్నపూర్ణ: ఆ ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్ల పైన తిరుగుతూ సంకేతాలు పంపుతాయి, అంతే. వాటిని అందుకుని తానెక్కడుందో లెక్క కట్టుకునేది మన చేతిలోని ఫోను. ఉపగ్రహానికి మీ ఊసే తెలియదు. గుళ్లో గంట కొడితే మనం వింటాం. ఎవరెవరు విన్నారో పూజారికి తెలుస్తుందా? నోటు తన జాడ తానే చెప్పాలంటే బ్యాటరీ కావాలి, యాంటెన్నా కావాలి, రాత్రిపూట చార్జింగు పెట్టాలి.

పరంధామయ్య: బ్యాటరీ అక్కర్లేదట. అద్దంలా తిప్పికొడుతుందట.

అన్నపూర్ణ: అంత దూరం నుంచి వచ్చి నీరసించిన సంకేతం 120 మీటర్ల మట్టిలోకి దిగి, నోటుకు తగిలి, మళ్లీ పైకి ఎక్కుతుందా? సెల్లార్లోకి దిగితేనే మీ ఫోనులో మ్యాపు తికమక పడుతుంది. మొన్న అక్కడ బండి ఎక్కడ పెట్టారో వాచ్‌మన్ వెతికి పెట్టాడు.

పరంధామయ్య: మరి 2023 మేలో ఆ నోట్లన్నీ ఎందుకు వెనక్కి పిలిచారు? చిప్ పని అయిపోయింది, సాక్ష్యం మాయం చేశారు!

అన్నపూర్ణ: అప్పటికి బయట ఉన్నవి 3.56 లక్షల కోట్ల రూపాయల నోట్లు. అంటే 178 కోట్ల కాగితాలు. (ఈ భాగహారానికి నాకు కాలిక్యులేటర్ కావలసి వచ్చింది.) అందులో నూటికి 98కి పైగా జనమే తీసుకెళ్లి ఇచ్చారు. ఇంకా ఇన్ని రాలేదని ఆ తర్వాత కూడా రిజర్వు బ్యాంకు లెక్కలు ప్రకటించింది. చిప్ ఉంటే ఆ ప్రకటనలెందుకు? ఆటో కట్టించుకుని వచ్చి మన అటక ఎక్కేవారు కదా!

పరంధామయ్య: ఎలా ఎక్కుతారు? రేకు చుట్టాను కదా!

గోడ అవతల నిశ్శబ్దం. నిజం చెప్పాలంటే ఇవతల నేను కూడా జవాబు వెతుక్కున్నాను.

అన్నపూర్ణ: సరే, ఉపగ్రహం కళ్లు కప్పారు. మీ కళ్లెలా కప్పుకున్నారు? దాచిన చోటు మీకే గుర్తు లేదు.

పరంధామయ్య: అంత పకడ్బందీగా దాచాను.

అన్నపూర్ణ: దానికి మా తమ్ముడు బలయ్యాడు. ఆ నెలలో ఫ్రిజ్ కొన్నాడన్నది ఒక రుజువు. మనింటికి భోజనానికి వచ్చాడన్నది ఇంకొకటి. "నేను తీయలేదు బావగారూ" అన్నాడు చూడండి, అది అన్నిటికన్నా పెద్ద రుజువు!

పరంధామయ్య: దొంగ ఎవడైనా తీశానంటాడా?

అన్నపూర్ణ: ఇందాక రిజర్వు బ్యాంకును కూడా ఇదే మాట అన్నారు. ఫ్రిజ్ వాయిదాల మీద కొన్నానని పాపం వాడు రసీదు కూడా తెచ్చి చూపించాడు.

పరంధామయ్య: ఆ రసీదు ఒక్క మడత కూడా లేకుండా ఉంది. నాకు అక్కడే అనుమానం వేసింది. అది సరే, ఇవి ఇప్పుడు చెల్లుతాయా?

అన్నపూర్ణ: చెల్లుతాయి, కానీ మామూలు బ్యాంకులో తీసుకోరు. హైదరాబాదులో రిజర్వు బ్యాంకు కార్యాలయానికి వెళ్లాలి. లేదంటే పోస్టాఫీసు నుంచి అక్కడికి పంపాలి.

పరంధామయ్య: పోస్టులోనా? దారిలో పోతే?

అన్నపూర్ణ: భయమెందుకండీ, చిప్ ఉంది కదా! ముందు మా తమ్ముడికి ఫోను చేసి డబ్బు దొరికిందని చెప్పండి.

పరంధామయ్య: ఈ గదిలో సిగ్నల్ అందదే.

అన్నపూర్ణ: 120 మీటర్ల లోతు నుంచి నోటు పలుకుతుంది గానీ, పడగ్గదిలో నుంచి ఫోను పలకదా? వరండాలోకి నడవండి.

ఆ వరండా మా వంటింటి కిటికీ పక్కనే. పరంధామయ్య గారు ఒకసారి వెనక్కి చూసి, తలుపు దగ్గరగా వేసి, గొంతు బాగా తగ్గించారు.

"ఏమోయ్, బాగున్నావా? ఆ పది వేలూ దొరికాయి. ఎక్కడేమిటి... మీ అక్కయ్య గంగాళంలో పెట్టి మరిచిపోయిందోయ్!"