గంజాయి కేసుల్లో జుట్టు పరీక్ష: ఎంత నమ్మొచ్చు, ఎక్కడ ఆగాలి

ఒడిశా వైపు నుంచి గంజాయి దిగే దారుల్లో ఇచ్ఛాపురం రైలు మార్గం, సాలూరు మీదుగా విజయనగరం వచ్చే కోరాపుట్ రోడ్డు ముఖ్యమైనవి. సరుకు పట్టుబడిన ప్రతిసారీ అనుమానం కాలేజీ హాస్టళ్ల మీదకు మళ్లుతుంది. మూత్రంలో నీళ్లు కలిపి ఏమార్చొచ్చు గానీ జుట్టు అబద్ధం చెప్పదు, పిల్లల జుట్టు కత్తిరించి ల్యాబుకు పంపితే తేలిపోతుంది అనే వాదన అప్పుడే పుడుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ జుట్టు పరీక్ష గట్టిగా పట్టుకునేది కొకైన్‌ను, మెథాంఫెటమిన్‌ను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలను పీడిస్తున్న గంజాయి దగ్గరికి వచ్చేసరికి అదే పరీక్ష బలహీనపడుతుంది.

కారణం రసాయనంలోనే ఉంది. రక్తంలో తిరిగే మత్తుపదార్థం వెంట్రుక కుదుట్లోకి చేరి, వెంట్రుకతో పాటే పైకి పెరుగుతుంది. కొకైన్ లాంటివి క్షార గుణం ఉన్నవి కాబట్టి జుట్టుకు నలుపునిచ్చే మెలనిన్‌ను అంటిపెట్టుకుంటాయి. గంజాయిలో మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీ అలా అంటుకోదు. శరీరం దాన్ని విరగ్గొట్టాక మిగిలే కార్బాక్సీ టీహెచ్‌సీ ఆమ్లం, అది జుట్టులోకి చేరేది ఇంకా తక్కువ. ఈ రంగంలోని నిపుణుల అంతర్జాతీయ సంఘం సూచించిన హద్దులు చూస్తే తేడా అర్థమవుతుంది. ఒక మిల్లీగ్రాము జుట్టులో కొకైన్‌కు 0.5 నానోగ్రాము, టీహెచ్‌సీకి 0.05 నానోగ్రాము, కార్బాక్సీ టీహెచ్‌సీకి 0.2 పికోగ్రాము (నానోగ్రాములో వెయ్యో వంతు పికోగ్రాము). చివరిది కొకైన్ హద్దులో 2,500వ వంతు. దాన్ని చూడగలిగే యంత్రం ప్రతి ల్యాబులో ఉండదు. నెలకో రెండు నెలలకో ఒకసారి తాగే కుర్రాడికి నెగెటివ్ రావడం వింతేమీ కాదు.

దీనికి రెండో వైపు మరింత ప్రమాదకరం. జుట్టులో టీహెచ్‌సీ ఒక్కటే దొరికితే తాగినట్టు రుజువు కాదు. పక్క మంచం మీద వాడు వదిలిన పొగ తలకు పడుతుంది. గంజాయి ఆకు నలిపిన చేత్తో తల సవరించుకున్నా అంటుతుంది. శరీరం లోపల తయారయ్యేది కార్బాక్సీ రూపమే కాబట్టి నివేదికలో దాని అంకె ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

ఇక నమూనా తీసే పద్ధతి. తల వెనుక, సుడి దగ్గర జుట్టు పెరుగుదల మిగతా చోట్ల కంటే నిలకడగా ఉంటుంది. అక్కడ పెన్సిల్ మందం పాయను, సుమారు 100 నుంచి 120 వెంట్రుకలను, దారంతో కట్టి, కత్తెరను తల చర్మానికి ఆనించి కత్తిరించాలి. పీకకూడదు. కుదుళ్ల కొన ఎటు ఉందో గుర్తు పెట్టి అల్యూమినియం ఫాయిల్‌లో మడిచి, కాగితం కవరులో సీలు వేయాలి. ఫ్రిజ్ అక్కర్లేదు, తేమా ఎండా తగలకుంటే చాలు. ఆ కొన గుర్తు పోయిందా, కాలం లెక్క మొత్తం పోయినట్టే. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుందన్న అంచనాతో కుదుళ్ల వైపు 3 సెంటీమీటర్లను మూడు నెలల చరిత్రగా చదువుతారు. మనిషి మనిషికీ ఈ వేగం మారుతుంది, పైగా ప్రతి తలలో పదో వంతు దాకా వెంట్రుకలు ఎదుగుదల ఆగినవే ఉంటాయి. ఫలానా వారంలో తాగాడని తేల్చే నివేదికను నమ్మకూడదు. నిన్న తాగింది అసలే కనిపించదు, వెంట్రుక చర్మం దాటి కత్తెరకు అందడానికి వారం పది రోజులు పడుతుంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. సింహాచలంలోనో తిరుమలలోనో తలనీలాలు ఇచ్చి వచ్చినవాడికి నెల తర్వాత ఉండేది సెంటీమీటరు జుట్టే. ఛాతీ వెంట్రుకలు తీయొచ్చు గానీ అవి కొంత పెరిగి ఆగిపోతాయి, నెలల లెక్కకు పనికిరావు. గుండు చేయించుకున్నాడంటే దాచడానికే అనుకోవడం అన్యాయం. కొబ్బరి నూనెతో ఇబ్బంది లేదు, ద్రావకంతో కడిగితే పోతుంది. రంగు, బ్లీచ్, స్ట్రెయిటనింగ్ మాత్రం లోపలి అవశేషాన్ని తగ్గిస్తాయి కాబట్టి ఫారంలో రాయించాలి.

ల్యాబులో తొందరపడితే ఏమవుతుందో కెనడా చూసింది. టొరంటో పిల్లల ఆసుపత్రిలోని మదరిస్క్ ల్యాబు 2005 నుంచి 2015 దాకా 16 వేల మందికి పైగా జుట్టు పరీక్షించింది. ఆ కాగితాలు తల్లీపిల్లలను వేరు చేసే కేసుల్లో సాక్ష్యమయ్యాయి. ఆ పరీక్షలు నమ్మదగ్గవి కావని 2015 డిసెంబరులో మాజీ న్యాయమూర్తి సుసాన్ లాంగ్ తేల్చారు. వడపోతకు మాత్రమే వాడాల్సిన ఎలీసా అనే ప్రాథమిక పరీక్ష ఫలితాన్ని ఏళ్ల తరబడి తుది మాటగా రాసేశారు. ఎలీసాలో పాజిటివ్ వస్తే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో నిర్ధారించాలి. కడిగిన ద్రావకాన్ని కూడా పరీక్షించాలి, పైన అంటిందెంతో లోపలున్నదెంతో అప్పుడే తెలుస్తుంది. ఈ రెండూ లేని పాజిటివ్‌తో ఒక విద్యార్థికి టీసీ ఇచ్చి పంపడం ఘోరం.

చట్టం కూడా హద్దు గీసింది. అరెస్టయిన వ్యక్తికి వైద్యుడి చేత పరీక్ష చేయించే వీలు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 51వ సెక్షన్ పోలీసులకు ఇస్తుంది, అందులో జుట్టూ ఉంది. ఆ సెక్షన్ ప్రిన్సిపాల్‌కో వార్డెన్‌కో ఏ అధికారమూ ఇవ్వదు.

ఈ వారం సంగతి తెలియాలంటే మూత్ర పరీక్షే మేలు. మామూలుగా మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల హద్దు పెడతారు. ఎప్పుడో ఒకసారి తాగినవాడిలో మూడు రోజుల దాకా, రోజూ తాగేవాడిలో నెల దాకా దొరుకుతుంది. నీళ్లు కలిపారన్న అనుమానానికి, మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే వ్యర్థం పలచబడిందేమో చూస్తే సరిపోతుంది. జుట్టు నిజంగా పనికొచ్చేది చికిత్సలో ఉన్నవారి దగ్గర. వారి సమ్మతితో మూడు నెలలకోసారి తీసి పాత అంకెతో పోలిస్తే మానేస్తున్నారో లేదో దిశ తెలుస్తుంది. మత్తుపదార్థాల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, అలవాటు పడి తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వచ్చిన వ్యక్తికి వినియోగం కేసులో విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఇంట్లో అనుమానం ఉన్న తల్లిదండ్రులు కత్తెర వెతకకముందే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయాలి. అమ్మేవాళ్ల సమాచారం ఉంటే 1972కు, అంటే రాష్ట్ర పోలీసుల మత్తుపదార్థాల నిరోధక ఈగల్ విభాగానికి.