"వాడుతుంటే సాగుతుందక్కా" అని షూ అమ్మకండి

నా కుడికాలి బొటనవేలి గోరు ముందు ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. నెలన్నర గడిచాక ఒకరోజు సాక్స్ తీస్తుంటే దాంతోపాటే ఊడొచ్చింది. కారణం ఒక్కటే, నా పాదం కంటే చిన్న షూ.

మాది ఆంధ్ర సరిహద్దు పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. నాకు 39 ఏళ్లు. షుగర్ వచ్చేలా ఉందని డాక్టర్ చెప్పాక పరుగు మొదలుపెట్టాను. తెల్లవారుజామున పాతపట్నం రోడ్డు మీద ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ఏదో ఒకరోజు పాతపట్నంలోని నీలమణి దుర్గమ్మ గుడి దాకా ఆగకుండా పరిగెత్తాలని మనసులో మొక్కుకున్నాను.

షూ కోసం వెళ్తే షాపులో అబ్బాయి నా పాదం వైపు చూడనేలేదు. "చెప్పుల సైజెంతక్కా?" అన్నాడు. ఆరు అంటే ఆరు తెచ్చిచ్చాడు. వేసుకుంటే వేళ్లు ముందు తగులుతున్నాయి. పట్టేస్తోంది బాబూ అంటే, "వాడుతుంటే సాగుతుందక్కా" అన్నాడు. నమ్మి 2,800 ఇచ్చి వచ్చాను.

తోలు చెప్పు సాగుతుంది. రన్నింగ్ షూ మీది వల గుడ్డ కాస్త మెత్తబడొచ్చేమో గానీ, కింద సోల్ పొడవు ఒక్క మిల్లీమీటర్ కూడా పెరగదు. పైగా పరిగెత్తే కొద్దీ పాదం ఉబ్బుతుంది, ప్రతి అడుగుకీ కాస్త ముందుకి జారుతుంది. ఇంట్లో సరిపోయిన షూ మూడో కిలోమీటర్‌లో గోరుని గుద్దేది అందుకే. నిలబడి చూసుకున్నప్పుడు పొడవాటి వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కూర్చుని చూస్తే తెలియదు, బరువు పడితేనే పాదం పరుచుకుంటుంది. కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి కాళ్లు కొంచెం ఉబ్బి ఉంటాయి. పరుగుకి వేసుకునే సాక్స్ తీసుకెళ్లండి.

గోరు ఊడాక నేను చేసిన పని చెప్తాను. గచ్చు మీద పాత పేపర్ పరిచి, దాని మీద నిలబడి, మా అమ్మాయి చేత పెన్సిల్‌తో పాదం చుట్టూ గీయించాను. రెండు పాదాలూ ఒకటి కావు, నా కుడిది కాస్త పొడవు. తర్వాత ఆ షూలోంచి ఇన్‌సోల్, అంటే లోపల పాదం కింద ఉండే మెత్తటి అట్ట, బయటికి తీసి గీత మీద పెట్టాను. చిటికెన వేలు మొత్తం బయటే! చిన్నప్పటి నుంచి చెప్పుల్లోనూ, ఉత్తకాళ్లతోనూ తిరిగిన పాదం ముందువైపు విచ్చుకుని ఉంటుంది. ఆడవాళ్ల షూలేమో సాధారణంగా సన్నగా వస్తాయి. నాకు చివరికి సరిపోయింది మగవాళ్ల షూ. అడగడానికి మొహమాటపడకండి. డబ్బా మీద సెంటీమీటర్లలో ఉండే కొలత కూడా చూడండి, ఎందుకంటే ఒక కంపెనీ ఆరూ ఇంకో కంపెనీ ఆరూ ఒకటి కాకపోవచ్చు.

పాదం వంపుని బట్టి ఫలానా రకం షూనే వేసుకోవాలని కొందరు భయపెడతారు. 2009, 2010 ప్రాంతంలో అమెరికా సైన్యంలో వేలమంది రిక్రూట్లకి పాదం ఆకారం చూసి షూ ఇచ్చి పరీక్షించారు. అలా ఇవ్వడం వల్ల గాయాలు తగ్గలేదు. పాదానికి ఏది హాయిగా ఉందో అదే తీసుకోమని పరుగు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త బెన్నో నిగ్, ఆయన సహచరులు 2015లో రాశారు. ఆ మాట చదివి నాకు ధైర్యమొచ్చింది. సోల్ లోపల కార్బన్ ప్లేట్ (గట్టి పలక) ఉన్న ఇరవై వేల షూ గురించి కూడా అడుగుతున్నారు. అది పందేలకి చేసినది, మొదటి జతగా వద్దు.

"అబెబె బికిలా ఉత్తకాళ్లతో మారథాన్ గెలిచాడు, నీకెందుకు షూ?" అన్న అన్నయ్యలకి ఒక మాట. నిజమే, ఆ ఇథియోపియా పరుగువీరుడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అలాగే గెలిచాడు. 1964 టోక్యోలో షూ వేసుకుని మళ్లీ గెలిచాడు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం నాతోపాటు ఆ రోడ్డు మీద పరిగెత్తే పిల్లలు. ఆర్మీకనీ, పోలీసు ఉద్యోగానికనీ రోజూ తారు మీద పది కిలోమీటర్లు కొడతారు. ఒకబ్బాయి కాన్వాస్ షూ మడమ ఒకవైపు పూర్తిగా అరిగి, కాలు లోపలికి వంగుతోంది. మోకాలి కింద ముందు ఎముక నొప్పి అంటూనే పరిగెత్తుతున్నాడు. మంచి రన్నింగ్ షూ కూడా సుమారు 500 నుంచి 800 కిలోమీటర్ల దాకానే. రోజుకి పది అంటే రెండు మూడు నెలలు! ఇంట్లో ఎవరికీ ఈ లెక్క తెలియదు, పిల్లాడు బద్ధకిస్తున్నాడనుకుంటారు. తల్లిదండ్రులారా, ఈ రాత్రే వాళ్ల షూ తిరగేసి చూడండి.

మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి నిన్న వచ్చి "ఏ కంపెనీ కొనాలి పిన్నీ?" అంది. ముందు పేపర్ మీద నిలబడమన్నాను. ఆదివారం ఇద్దరం శ్రీకాకుళం వెళ్తున్నాం, సాయంత్రానికి చేరేలా మధ్యాహ్నం బస్సుకి. ఆ గీసిన కాగితం నా బ్యాగులోనే ఉంది.