మొదటి పరీక్ష మగవాడిదే కావాలి

ఒడిశాలోని బరంపురంలో ఒక ల్యాబ్‌లో ముప్ఫై రెండేళ్లు టెక్నీషియన్‌గా పనిచేసి ఈమధ్యనే విశ్రాంతి తీసుకున్నాను. వేల ఫైళ్లు చూశాను గానీ ఒకటి మాత్రం నన్ను వదలదు. మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను. ఆరేళ్లు కాపురం చేసినా పిల్లలు పుట్టని ఒక జంటది ఆ ఫైలు. పెళ్లినాటికి ఆ అమ్మాయికి 29 ఏళ్లు. ఫైలు నా బొటనవేలంత మందం ఉంది. థైరాయిడ్ నాలుగుసార్లు, స్కాన్లు పదకొండు, ట్యూబుల్లోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే రెండుసార్లు, పొట్టకి చిన్న గాట్లు పెట్టి గొట్టంతో లోపల చూసే లాప్రోస్కోపీ ఒకటి, గర్భసంచి లోపలి పొరను గీకి తీసే డీ అండ్ సీ ఒకటి. మొదటి కాగితం నుంచి చివరిదాకా తిప్పాను. ఫలానా వారి భార్య అని రాసే చోట తప్ప భర్త పేరు ఇంకెక్కడా లేదు.

"మీ ఆయనకి పరీక్ష చేయించారామ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి తల దించుకుంది. పక్కనున్న అత్తగారు అందుకున్నారు. "ఆడికేటి బాబూ, దుక్కలా ఉన్నాడు. పిల్లదాన్నే చూడండి."

మన తెలుగువాళ్ల సంఘం పత్రికలో ఇలాంటి విషయం రాయొచ్చా అని రెండు నెలలు ఆలోచించాను. రాయకపోతేనే తప్పనిపించింది. పెళ్లై ఏడాది కలిసి ఉన్నా నెల తప్పకపోతే డాక్టర్లు ఇద్దరికీ ఒకేసారి పరీక్షలు మొదలుపెట్టమంటారు. నేను ఇంకాస్త గట్టిగా చెబుతాను. ముందు మగవాడికే వీర్య పరీక్ష చేయించండి. ఆ పరీక్షకి సూది లేదు, మత్తు లేదు, నొప్పి లేదు. ఖర్చు కొన్ని వందల రూపాయలు. అది తేలకుండా ఆడపిల్ల కడుపుకి గాట్లు పెట్టించడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

సంతానం లేని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు లోపం ఉంటుంది, కొన్నిచోట్ల అతనిదొక్కడిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది ఎదురవుతుంది. అంటే మన వీధిలోనూ ఉన్నారు, మన ఇంట్లోనూ ఉండొచ్చు.

గొడ్రాలు అనే మాట మనకి ఉంది. వీర్యంలో కణాలు లేని మగవాడిని ఏమనాలో చెప్పమంటే మన వాడుకలో మాటే లేదు. కొందరు నపుంసకుడు అంటారు, అది పూర్తిగా తప్పు. కాపురం చక్కగా చేసే మనిషికి కూడా కణాలు లేకపోవచ్చు. మగతనానికీ కణాల సంఖ్యకీ సంబంధం లేదని నేను ల్యాబ్ కౌంటర్ దగ్గర ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పర్లాకిమిడిలో ఉండి వాడుక మాట కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి గారి తాలూకు మనుషులం మనం. ఈ విషయంలో ఆడదాన్ని తిట్టే మాట ఒక్కటే మిగుల్చుకున్నాం. చైత్ర మంగళవారాల్లో పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి తారాతారిణి అమ్మవారి కొండకి బంధువులంతా బయల్దేరతారు. పిల్లల్లేని కోడలిని "నువ్వు ఇంటికాడ ఉండమ్మా" అంటారు. ఆమె భర్త మాత్రం ఆటోలో ముందు సీట్లో కూర్చుని వెళతాడు.

ఇక ఏడాది అన్న లెక్క. ఇది మన జిల్లాలకి మరీ ముఖ్యం. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్లినవాళ్లు ఎందరో, మనవాళ్లూ అందులో ఉన్నారు. గల్ఫ్‌కి వెళ్లినవాళ్లున్నారు. దసరాకి పది రోజులు, ఎండాకాలం పెళ్లిళ్లకి రెండు వారాలు, బరంపురంలో ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చిన ఏడు ఇంకో వారం. "పెళ్లై నాలుగేళ్లైంది, ఇంకా ఏం లేదు" అని ఊరు లెక్కపెడుతుంది. విడుదలైన అండం బతికేది ఒక రోజు లోపు. వీర్యకణం ఆడవాళ్ల శరీరంలో అయిదు రోజుల దాకా ఉండగలదు. అంటే నెలలో కడుపు పండే అవకాశం ఆరు రోజులే, అండం విడుదలయ్యే రోజూ దానికి ముందు అయిదు రోజులూ. అతను ఊళ్లో దిగిన పది రోజుల్లో ఆ ఆరూ పడకపోతే ఆ రాకపోకంతా వృథా. అలాంటి జంటలో లోపం ఎవరిదని వెతుకుతాం? కలిసి బతికిన నెలలు లెక్కపెట్టండి. పన్నెండు నెలలు మామూలుగా కలిసి ఉంటే నూటికి ఎనభై జంటలకి పైగా గర్భం వస్తుంది. భార్యకి 35 దాటితే మాత్రం ఏడాది ఆగొద్దు, ఆరు నెలలకే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

వీర్య పరీక్ష గురించి నాకు బాగా తెలుసు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రెండు రోజులకి తక్కువ కాకుండా, ఏడు రోజులకి మించకుండా కలయిక లేకుండా ఉండి రావాలి. నెల రోజులు ఆగితే ఎక్కువ వస్తుందనుకుంటారు, దానివల్ల కదలిక లేని పాత కణాలు పెరుగుతాయి. నమూనా మొత్తం సీసాలో పడాలి, మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువ. మామూలు కండోమ్‌లో పట్టి తేవద్దు, అందులోని పూత కణాలకి హాని చేస్తుంది. ఇంటి దగ్గర పట్టి తెస్తే గంట లోపు మా బల్ల మీద ఉండాలి, శరీరపు వెచ్చదనం పోకుండా. ఒక మిల్లీలీటరుకి కోటి అరవై లక్షల కణాలు, వాటిలో నూటికి 42 కదులుతూ ఉండటం, ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన కింది హద్దులు. వీటికి తక్కువ వచ్చినంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు.

ఒక్క రిపోర్టు చూసి ఎవరూ కుంగిపోవద్దు. కణం తయారు కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. ఆ మధ్యలో గట్టి జ్వరం వచ్చినా సంఖ్య పడిపోతుంది. అందుకే తక్కువ వస్తే కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయాలి. వృషణాలు శరీరం కన్నా చల్లగా ఉంటేనే సరిగా పనిచేస్తాయి, అక్కడ సిరలు ఉబ్బి ఉంటే డాక్టర్ చేతితో చూసే పట్టేస్తారు. కండ కోసం జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వేయించుకున్న కుర్రాళ్లకి కణాల తయారీయే ఆగిపోవడం ఈ పదేళ్లలో చూశాను. బాబులూ, వద్దు.

స్త్రీల వైపు పరీక్షలు కూడా ఒక వరసలో సాగితే సగం కాగితాలు తగ్గుతాయి. నెలసరి సక్రమంగా వస్తోందా, థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్, అండాశయాల్లో నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్, ఒక స్కాన్, ఆపైన ట్యూబులు తెరిచి ఉన్నాయా లేదా. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి గర్భసంచికి, ట్యూబులకి పట్టే టీబీ ఒక పెద్ద కారణం. దగ్గు ఉండదు, జ్వరం ఉండదు, చాలామందికి తెలియనే తెలియదు.

వైద్యం అనగానే నేరుగా టెస్ట్‌ట్యూబ్ బేబీ దాకా పరిగెత్తనక్కర్లేదు. అండాశయాల్లో నీటి బుడగలున్న (పీసీఓఎస్) అమ్మాయి బరువు కొంచెం తగ్గినా అండం విడుదల కావచ్చు. కాకపోతే లెట్రోజోల్ మాత్రలు డాక్టర్ చూస్తుండగా కొన్ని నెలలు వాడతారు. థైరాయిడ్‌కి మందు చాలు. ట్యూబు ఒకటైనా తెరిచి ఉండి, కణాలు ఓ మోస్తరుగా ఉంటే ఐయూఐ, అంటే శుభ్రపరిచిన కణాలను గర్భసంచిలోకి పంపడం. ఇవి కుదరనప్పుడు ఐవీఎఫ్, అదే టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి. పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు, మత్తిచ్చి అండాలు తీయడం, బయట కలిపి పిండాన్ని లోపల పెట్టడం. కణాలు మరీ తక్కువైతే ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సూదితో పంపే ఇక్సీ. వీర్యంలో అసలే లేకపోయినా, దారి మూసుకుపోయిన కేసుల్లో వృషణం నుంచి సూదితో తీయగలరు. ఐవీఎఫ్‌కి ఒక్కో సైకిల్‌కి లక్షన్నర నుంచి రెండున్నర లక్షలవుతుంది. ఆయుష్మాన్ కార్డు దీనికి పనికిరాదు. 35 లోపు వాళ్లకి కూడా ఒక సైకిల్‌లో బిడ్డ చేతికొచ్చేది సగం కన్నా తక్కువ సార్లే, వయసు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఈ సంగతి ఇంట్లో అందరూ వినాలి.

ఈ వైద్యానికి 2022 జనవరి నుంచి చట్టం అమల్లో ఉంది. చేయించుకునే స్త్రీ వయసు 21 నుంచి 50 ఏళ్లు, పురుషుడిది 21 నుంచి 55 ఉండాలి. వైద్యం చేసే ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ పత్రం చూపించమని అడగండి. విశాఖ వెళ్లినా భువనేశ్వర్ వెళ్లినా అడగండి. ఆడో మగో ఎంచి ఇస్తామన్న చోట నుంచి వెంటనే లేచి వచ్చేయండి, అది నేరం.

సిగ్గు ఎంత పాతదో చెప్పడానికి మన తూర్పు తీరంలోనే ఒక కథ ఉంది. లోకంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఇంగ్లండ్‌లో 1978 జులై 25న పుట్టింది. 70 రోజుల తర్వాత, అక్టోబర్ 3న, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ వైద్యంతో దుర్గ పుట్టింది. ప్రభుత్వ కమిటీ ఆయన్ని నమ్మలేదు. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నారు. డాక్టర్ టి.సి. ఆనంద్ కుమార్ ఆయన కాగితాలు చదివి, దేశంలో ఈ పని మొదట చేసింది ఆయనేనని 1997లో చెప్పారు. ఆ బిడ్డ పెద్దదై తన పేరు లోకానికి చెప్పుకోవడానికి పాతికేళ్లు పట్టింది. దేశమే అంత దాచింది, ఇక మన వీధుల్లో ఎవరు నోరు విప్పుతారు?

ఆ ఫైలు అమ్మాయి మూడు వారాలకి మళ్లీ వచ్చింది. సీసా కొంగు కింద పెట్టుకుని, ఒక్కతే. మైక్రోస్కోప్ కింద చూశాను, ఏమీ లేవు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చేరినదాన్ని వెతికాను, లేవు. రెండోసారి నమూనాకి భర్తే వచ్చాడు. అదే ఫలితం. రిపోర్టు చేతికిస్తే చాలాసేపు నిలబడి, "దాని పొట్ట మీద మూడు గాట్లున్నాయి మావయ్యా" అన్నాడు. అంతకు మించి మాట్లాడలేకపోయాడు. విశాఖలో చూపిస్తే దారి మూసుకుపోయిందని తేలింది, సూదితో కణాలు దొరికాయి. ఈలోపు ఆమెకి 36 దాటాయి, దొరికిన అండాలు రెండే. నిలవలేదు. ఆ కణాలు ఆరేళ్ల కిందట కూడా అక్కడే ఉన్నాయి.

ఏటా మన సంఘం వైద్య శిబిరం పెడుతుంది. సుగర్, బీపీ, కళ్లు చూస్తారు. వచ్చే ఏడు ఇంకో బల్ల వేయమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. లోపల గడియ ఉన్న గది ఒకటి, మైక్రోస్కోప్ ఒకటి, పేర్లకి బదులు నంబర్లు. సూరత్ నుంచి కుర్రాళ్లు దిగే దసరా రోజుల్లోనే పెట్టండి. బల్ల దగ్గర నేను కూర్చుంటాను. పరగడుపున రానక్కర్లేదు. రెండు రోజులు ఆగి, ఏడు దాటకుండా రండి చాలు.